పిల్లల ఫైలు, రిపోర్టులు, ఫోన్లో వచ్చే "కొత్త వైద్యం" వార్తలు: ఏది ముందు, ఏది తర్వాత, ఎలా చేయాలి

వైకల్యం ఉన్న బిడ్డకి తల్లిని కాబట్టి, అలాంటి పిల్లల తల్లిదండ్రులు నన్ను ఎక్కువగా అడిగేవి రెండే. ఒకటి, "మా పాపకి పోయిన నెలే డయాగ్నసిస్ చెప్పారు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలీట్లేదు". రెండోది, "ఈ వీడియో చూడండి, దీంతో పిల్లలకి నయమైపోయిందంట, నిజమేనా". చూడ్డానికి వేర్వేరు ప్రశ్నలే గానీ నా లెక్కలో రెండూ ఒకటే, ఎందుకంటే మన బిడ్డ గురించి కాగితం మీద పక్కాగా ఏమీ రాసి లేనప్పుడు బయటి నుంచి వచ్చే ప్రతి వార్తా మన కోసమే వచ్చినట్టు అనిపిస్తుంది.

అందుకే ఫోన్ కాసేపు పక్కన పెట్టి ముందు ఫైలు తీయండి. కింద చెప్పినవన్నీ ఆ వరసలోనే చేయండి, వరస తప్పితే మళ్లీ వెనక్కే రావాలి.

1. ఫైలు: ఒక్క ఆదివారం పని

ఒక రింగు ఫైలు, ప్లాస్టిక్ కవర్లు, మార్కర్ పెన్ను చాలు. అందంగా చేయాలని కూర్చోకండి, అందంగా మొదలుపెట్టిన ఫైళ్లు సగంలోనే ఆగిపోతాయి.

లోపల ఈ భాగాలు ఉండాలి:

- పుట్టినప్పటి కాగితాలు: ఎన్నో వారంలో పుట్టారు, బరువు ఎంత, ఎన్ని రోజులు ఐసీయూలో ఉన్నారు, కామెర్లు, ఫిట్స్ లాంటివి వచ్చాయా
- డయాగ్నసిస్ రిపోర్టులు, టెస్టులు (ఎమ్మారై రిపోర్టు వేరు, సీడీ లేదా ఫిల్మ్ వేరు, రెండూ కావాలి)
- మందులు
- థెరపీ రిపోర్టులు, స్ప్లింట్లు (కాళ్లకీ చేతులకీ ఆసరాగా కట్టేవి), కుర్చీ, వినికిడి మెషీన్ లాంటి పరికరాల వివరాలు
- స్కూలుకి సంబంధించినవి

ప్రతి భాగంలోనూ కొత్తది పైన, పాతది కింద. అన్నిటికన్నా ముందు ఒక్క పేజీలో తేదీల వరస రాసి పెట్టండి. ఎప్పుడు తల నిలబెట్టారు, ఎప్పుడు కూర్చున్నారు, మొదటి ఫిట్స్ ఎప్పుడు, ఏ మందు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఎందుకు ఆపారు. ఈ "ఎందుకు ఆపారు" అన్నది దాదాపు ఎవరూ రాసుకోరు, మూడేళ్ల తర్వాత కొత్త డాక్టర్ అదే మందు మళ్లీ రాస్తే అప్పుడు గుర్తొచ్చీ రానట్టు ఉంటుంది.

మందుల పేజీ దగ్గర కొంచెం ఆగాలి. "ఫిట్స్ సిరప్ ఉదయం సాయంత్రం 5 ఎంఎల్" అని రాస్తే సరిపోదు. అదే మందు వేర్వేరు గాఢతల్లో దొరుకుతుంది, ఒక సీసాలో ఒక ఎంఎల్‌కి ఉన్న ఎంజీలు ఇంకో సీసాలో రెండింతలు ఉండొచ్చు, సీసా మారి ఎంఎల్ మారకపోతే డోసు డబుల్ అయినట్టే. కాబట్టి మందు అసలు పేరు, ఒక ఎంఎల్‌లో ఎన్ని ఎంజీలు, ఎన్ని ఎంఎల్, ఎన్ని గంటలకి, ఈ నాలుగూ రాయండి. పక్కన ఆ రోజు బిడ్డ బరువు కూడా. చాలా పిల్లల మందుల డోసు బరువు మీదే లెక్కేస్తారు, బరువు పెరిగినా డోసు పాతదే నడుస్తుంటే ఈ పేజీ చూడగానే తెలిసిపోతుంది.

కాగితాలన్నీ ఫోన్లో ఫొటో తీసి పెట్టేటప్పుడు ఫైల్ పేరు ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తేదీ వచ్చేలా పెట్టండి, 2024-03-15-ఈఈజీ ఇలా. అప్పుడు అవే వరసలో సర్దుకుంటాయి. బిల్లు లాంటి పల్చటి నున్నటి కాగితం మీద ప్రింట్ ఇస్తారు చూడండి, అది కొన్ని నెలలకే వెలిసిపోతుంది, దాన్ని ఆ రోజే ఫొటో తీయాలి. ఒరిజినల్ ఎవరడిగినా ఇవ్వొద్దు, జిరాక్స్ ఇవ్వండి. నేనొకసారి ఇచ్చాను, తిరిగి రాలేదు.

2. వీడియోలు: రిపోర్టు చెప్పలేనిది ఇవి చెప్తాయి

ఇంట్లో రోజుకి నాలుగుసార్లు వచ్చే కుదుపు డాక్టర్ గదిలో ఒక్కసారి కూడా రాదు. నోటితో వర్ణిస్తే మనం ఒకటి చెప్తాం, వాళ్లకి ఇంకోటి అర్థమవుతుంది. అందుకే వీడియో.

కానీ ముందు బిడ్డ, తర్వాతే ఫోన్. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, గట్టిగా పట్టుకుని ఆపే ప్రయత్నం చేయొద్దు, టైమ్ చూడండి. ఒళ్లంతా కొట్టుకునే ఫిట్స్ 5 నిమిషాలు దాటితే అది ఎమర్జెన్సీ, వీడియో సంగతి మర్చిపోండి. ఇవన్నీ చూసుకున్నాక ఇంకో మనిషి ఉంటే తీయమనండి. ఒళ్లంతా కనపడాలి, కళ్లు ఎటు తిరిగాయో కనపడాలి, మధ్యలో పేరు పెట్టి పిలవండి, పలుకుతున్నారా లేదా అన్నది కూడా డాక్టర్‌కి కావాల్సిన సమాచారమే.

నడక, కూర్చోవడం, చేత్తో వస్తువు అందుకోవడం ఇలాంటివి మూడు నెలలకోసారి అదే చోట అదే కోణంలో నిమిషం పాటు తీసి పెట్టుకోండి. ముందుకి వెళ్తున్నామా అక్కడే ఉన్నామా అన్న గొడవ ఇంట్లో వచ్చినప్పుడు పనికొస్తాయి.

3. ఒక్క పేజీ పరిచయం

ఇది కొత్త టీచర్‌కి, స్కూలు బస్సులో ఉండే ఆయాకి, అప్పుడప్పుడు చూసుకునే పిన్నికి, అర్ధరాత్రి హాస్పిటల్లో డ్యూటీలో ఉన్న నర్సుకి. వీళ్లెవరూ మీ లావుపాటి ఫైలు చదవరు, చదివే టైమూ ఉండదు.

ఒక పేజీ దాటొద్దు. ఫొటో పెట్టండి. డయాగ్నసిస్‌తో మొదలుపెట్టకండి, అది కింద ఒక్క లైన్లో వస్తే చాలు.

రాయాల్సినవి:

- ఏమని పిలిస్తే పలుకుతారు
- అవును, కాదు ఎలా చెప్తారు (తల ఊపా, కళ్లతోనా, బొమ్మల బోర్డుతోనా)
- ఏం ఇష్టం, దేనికి నవ్వుతారు
- దేనికి బెదిరిపోతారు, అప్పుడు ఏం చేస్తే కుదుటపడతారు
- తిండి, నీళ్లు ఎలా ఇవ్వాలి, ఎలా ఇవ్వకూడదు
- నొప్పి పుడితే ఎలా తెలుస్తుంది
- అలర్జీలు, ఎమర్జెన్సీ మందు, ఎవరికి ఫోన్ చేయాలి

ఇందులో అందరూ చేసే తప్పు ఏంటంటే రిపోర్టు భాషలో రాయడం. "శబ్దాలకు అతి స్పందన, ప్రవర్తన సమస్యలు" అని రాస్తే చదివినవాళ్లు భయపడతారు తప్ప ఏం చేయాలో తెలీదు. "డ్రిల్లింగ్ శబ్దం వస్తే చెవులు మూసుకుని కింద కూర్చుంటాడు, పక్క గదిలోకి తీసుకెళ్లి మాట్లాడకుండా ఉంటే రెండు నిమిషాల్లో లేస్తాడు" అని రాయండి. రాసేది ఇలా ఉంటే కొత్త మనిషి కూడా చేయగలరు.

4. డయాగ్నసిస్ పేరు వెతకొద్దు, ప్రశ్న వెతకండి

"సెరెబ్రల్ పాల్సీ ట్రీట్‌మెంట్" అని కొడితే (పుట్టకముందో పసితనంలోనో మెదడుకి జరిగిన నష్టం వల్ల కదలికలకి వచ్చే ఇబ్బంది అది) ప్రపంచమంతా వచ్చి పడుతుంది, అందులో సగం అమ్మేవాళ్లే. పేరు ఒకటే అయినా పిల్లలు ఒకటి కాదు.

ఉదాహరణకి సెరెబ్రల్ పాల్సీలో కదలికని 5 లెవెల్స్‌గా చెప్పే పద్ధతి 1997లో వచ్చింది, జీఎంఎఫ్‌సీఎస్ అంటారు. లెవెల్ 1 అంటే సాయం లేకుండా నడిచే పిల్లలు, లెవెల్ 5 అంటే ఎక్కడికెళ్లాలన్నా వీల్‌చైర్లో ఇంకొకరు తీసుకెళ్లాల్సిన పిల్లలు. మీ డాక్టర్నో ఫిజియోనో "మా వాడిది ఏ లెవెల్" అని సూటిగా అడగండి, ఫైలు మీద రాసుకోండి. ఇది ఊరికే ముద్ర వేయడానికి కాదు. లెవెల్ పెరిగేకొద్దీ తుంటి కీలు పక్కకి జారే ప్రమాదం పెరుగుతుంది, మొదట్లో నొప్పి కూడా ఉండకపోవచ్చు, ఎక్స్‌రేలోనే తెలుస్తుంది. కాబట్టి లెవెల్ తెలిస్తే "తుంటి ఎక్స్‌రే ఎన్నాళ్లకోసారి తీయాలి" అని అడగాలన్న సంగతి కూడా తెలుస్తుంది. చేతుల వాడకానికి, మాట చెప్పడానికి కూడా ఇలాంటి లెవెల్సే ఉన్నాయి.

తర్వాత ఇబ్బందిని ప్రశ్నగా మార్చండి. "వీడు ఎప్పుడు నడుస్తాడు" అన్నదానికి ఎవరి దగ్గరా జవాబు ఉండదు, అడిగిన ప్రతిసారీ ఏడుపొస్తుంది. "క్లాసు నుంచి బాత్రూముకి టీచర్ ఎత్తుకోకుండా వెళ్లాలంటే ఏం కావాలి" అన్నదానికి జవాబులు దొరుకుతాయి, వాకరో, రెయిలింగో, క్లాసు రూము మార్చడమో. 2012లో కెనడాలో పీటర్ రోసెన్‌బామ్, యాన్ విల్లెం గోర్టర్ అనే ఇద్దరు డాక్టర్లు బిడ్డ వైకల్యాన్ని చూసేటప్పుడు ఆరు సంగతులు చూడమన్నారు: చేయగలిగే పనులు, కుటుంబం, ఒంటి దృఢత్వం, సరదా, స్నేహితులు, భవిష్యత్తు. మీ ప్రశ్నల లిస్టు రాశాక ఈ ఆరింటితో పోల్చి చూడండి. నా మొదటి లిస్టులో సరదా, స్నేహితులు రెండూ సున్నా, పదిహేడు ప్రశ్నలూ కాళ్ల గురించే.

ప్రశ్న ఈ నాలుగూ ఉండేలా రాయండి:

- ఎవరికి (వయసు, డయాగ్నసిస్, లెవెల్)
- ఏం చేస్తే
- చేయకపోతే లేదా ఇప్పుడు చేస్తున్నదే చేస్తే దాంతో పోలిస్తే
- ఏం మారాలి, ఎన్ని వారాల్లో

5. ఎక్కడ వెతకాలి

కోక్రేన్ అనే సంస్థ ఒక్కో వైద్యం మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసి మామూలు భాషలో సారాంశం పెడుతుంది, అది ఫ్రీ. అరుదైన జబ్బులకి ఆర్ఫానెట్ అనే వెబ్‌సైటు. ఆటిజం లాంటి ఎదుగుదల ఇబ్బందులున్న 2 నుంచి 9 ఏళ్ల పిల్లల తల్లిదండ్రుల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక శిక్షణ తయారు చేసింది, ఆటల్లో, ఇంటి పనుల్లో బిడ్డతో ఎలా మెలగాలో నేర్పుతుంది. సెరెబ్రల్ పాల్సీ అయితే అయోనా నోవాక్ అనే పరిశోధకురాలి బృందం 2013లో, మళ్లీ 2020లో వైద్యాలన్నిటికీ ట్రాఫిక్ లైట్ రంగులిచ్చి పెట్టిన పరిశోధన పేపర్లు ఉన్నాయి, పచ్చ అంటే చేయొచ్చు, పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే వద్దు. ఆ పేపర్ ప్రింట్ తీసి ఫిజియో దగ్గరికి తీసుకెళ్లి "మనం చేస్తున్నవి ఇందులో ఏ రంగు" అని అడగొచ్చు, మర్యాదగా అడిగితే మంచి థెరపిస్టు ఎవరూ ఏమీ అనుకోరు.

తల్లిదండ్రుల గ్రూపులు వదులుకోవద్దు. స్ప్లింట్ మీద పట్టే చెప్పులు ఎలాంటివి, రాత్రి నిద్ర పట్టకపోతే పక్క ఎలా సర్దాలి, ఇవి వాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలీదు. మందు డోసు మాత్రం గ్రూపులో అడగొద్దు, ఎవరైనా చెప్పినా వినొద్దు.

6. వార్తని జల్లెడ పట్టడం

ఇక్కడ ఎక్కువసేపు కూర్చోవాలి, డబ్బు, టైము, ఆశ మూడూ ఎక్కువగా పోయేది ఇక్కడే.

ముందు ఒక సంగతి చెప్తాను. 1998లో సీక్రెటిన్ అనే జీర్ణ హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తే ముగ్గురు ఆటిజం పిల్లలు బాగా మెరుగయ్యారని వార్త వచ్చింది. తల్లిదండ్రులు ఎగబడ్డారు. 1999లో 60 మంది పిల్లల్ని తీసుకుని కొందరికి అసలు మందు, కొందరికి ఉప్పు నీళ్లు ఇచ్చారు, ఎవరికి ఏది అన్నది ఇంట్లో వాళ్లకి తెలీదు. మందు ఇచ్చిన పిల్లలు మెరుగయ్యారు. ఉప్పు నీళ్లు ఇచ్చిన పిల్లలు కూడా అంతే మెరుగయ్యారు. విచిత్రం ఏంటంటే ఈ ఫలితం చెప్పాక కూడా 69 శాతం మంది తల్లిదండ్రులు ఇంకా ఆ మందు కావాలనే అన్నారు. నాకు వాళ్ల మీద కోపం రాదు, నేనున్నా అలాగే అనేదాన్నేమో.

ఇంకోటి, సెరెబ్రల్ పాల్సీకి ఆక్సిజన్ ఛాంబర్. 2001లో కెనడాలో 111 మంది పిల్లల మీద చేశారు, సగం మందికి ఎక్కువ ఒత్తిడిలో ఆక్సిజన్, సగం మందికి కొద్దిపాటి ఒత్తిడిలో మామూలు గాలి. రెండు గుంపులూ ఒకేలా మెరుగయ్యాయి.

ఎందుకంటే పిల్లలు ఎలాగూ ఎదుగుతారు, కొత్తది మొదలుపెట్టినప్పుడు మనం ఎక్కువ శ్రద్ధ పెడతాం, మంచి రోజులే గుర్తుంచుకుంటాం. "మా పాప మారింది" అని చెప్పే తల్లి అబద్ధం చెప్పట్లేదు, పాప నిజంగానే మారింది. ఆ మందు వల్లే మారిందా అన్నది మాత్రం పోల్చి చూసే గుంపు లేకుండా ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఏ వార్త వచ్చినా నేను వెతికే మొదటి మాట "దేంతో పోల్చారు". అది లేకపోతే మిగతాది చదవను.

జల్లెడ ఇలా పట్టండి:

- తేదీ చూడండి, ఏళ్ల క్రితం వార్త కొత్తగా తిరుగుతుండొచ్చు
- పిల్లల మీద చేశారా, ఎలకల మీదా
- ఎంతమంది, ఏ వయసు, మన లెవెల్ పిల్లలేనా
- ఏం కొలిచారు (స్కాన్‌లో మార్పా, తిండి, మాట, నడకలో మార్పా)
- నష్టాలు రాశారా
- చెప్పేవాళ్లే అమ్ముతున్నారా
- ఆ పేపర్ తర్వాత వెనక్కి తీసుకున్నారా

చివరిది చిన్న విషయం కాదు. ఎంఎంఆర్ టీకాకీ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసేది) ఆటిజానికీ లింకు ఉందని భయపెట్టిన పేపర్ లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, 1998లో 12 మంది పిల్లల మీద రాసింది, 2010లో ఆ పత్రికే దాన్ని రద్దు చేసింది, అయినా ఇప్పటికీ ఫార్వర్డ్ అవుతూనే ఉంది.

వెంటనే వెనక్కి రావాల్సిన గుర్తులు: ఒకే వైద్యం అన్ని జబ్బులకీ పనిచేస్తుందనడం, ముందే మొత్తం డబ్బు కట్టమనడం, "ఈ వారమే" అని తొందరపెట్టడం, "డాక్టర్లకి చెప్పకండి" అనడం, బిడ్డ ఇంకా నీరసపడితే "లోపలున్న విషం బయటికి వస్తోంది" అనడం. ఫలితం రాకపోతే "మీరు సరిగ్గా చేయలేదు" అంటారు చూడండి, అది మరీ దుర్మార్గం.

ప్రాణం తీసేవి కూడా ఉన్నాయి. ఆటిజానికని చేసిన కీలేషన్‌లో (ఒంట్లో ఉన్న లోహాల్ని మందు ఇచ్చి బయటికి పంపడం) 2005లో అమెరికాలో ఐదేళ్ల బాబు చనిపోయాడు. మిరాకిల్ మినరల్ పేరుతో తాగించే క్లోరిన్ డయాక్సైడ్ బ్లీచ్ లాంటిది, దాన్ని ఎవరికీ పట్టకూడదు.

ఇంకో గందరగోళం కూడా తీర్చుకుందాం. మాట రాని బిడ్డ చెయ్యి ఇంకొకరు పట్టుకుని అక్షరాల మీద నడిపించే పద్ధతిలో మాటలు వచ్చేది పట్టుకున్నవాళ్ల దగ్గర నుంచే అని పరీక్షల్లో తేలింది, దాన్ని నమ్మొద్దు. బిడ్డ తనే వేలితోనో కళ్లతోనో బొమ్మల బోర్డు, ట్యాబ్ చూపించి చెప్పేది పూర్తిగా వేరు, అది మంచిది, మొదలుపెట్టడానికి వయసు వచ్చేదాకా ఆగక్కర్లేదు. "బోర్డు అలవాటైతే మాటలు రావు" అని మాకూ చెప్పారు. ఆ భయానికి ఆధారం లేదు, ఆ మాట విని మేం రెండేళ్లు పోగొట్టుకున్నాం.

7. జల్లెడ దాటితే ఇంట్లో పరీక్ష

హాని లేదని డాక్టర్ చెప్పాక, ఖర్చు భరించగలం అనుకున్నాక మాత్రమే. ఫిట్స్ మందులు వాడుతున్న బిడ్డకి మూలికలు, సప్లిమెంట్లు ఏవి ఇవ్వాలన్నా ముందు అడగాలి, ఫిట్స్ మందు సొంతంగా ఆపడం అసలు వద్దు.

మేం చేసిన తప్పు: ఒకే నెలలో కొత్త థెరపీ, ఒక సప్లిమెంట్, కొత్త కుర్చీ మూడూ మొదలుపెట్టాం. మా వాడు చెంచా పట్టుకుని తినడం మొదలుపెట్టాడు. దేని వల్ల? ఎవరికి తెలుసు. మూడింటికీ డబ్బు కడుతూ పోయాం. తర్వాత ఒక్కోటి ఆపి చూస్తే తేలింది కుర్చీ అని, పాదాలు కింద ఆనడంతో నడుము నిలబడింది, చేతులకి పట్టు దొరికింది.

సరిగ్గా చేయాలంటే:

- ఒకసారికి ఒకే మార్పు
- మొదలుపెట్టే ముందు రెండు వారాలు ఊరికే లెక్క రాయండి (రోజుకి ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు)
- "బాగున్నాడు" అని రాయొద్దు, అంకె రాయండి
- ఆపే తేదీ ముందే క్యాలెండర్లో పెట్టండి
- ముందు వీడియో, తర్వాత వీడియో ఏది ఏదో చెప్పకుండా బయటివాళ్లకి చూపించండి, వాళ్లు కనిపెట్టలేకపోతే మార్పు మన మనసులోనే ఉందన్నమాట

8. డాక్టర్ దగ్గర, స్కూలు మీటింగులో

మూడు ప్రశ్నలు మించొద్దు, ముఖ్యమైనది మొదట. చాలామంది అసలు సంగతి తలుపు దగ్గర లేచి నిలబడ్డాక అడుగుతారు, అప్పటికి టైమ్ అయిపోతుంది. ఇద్దరు వెళ్తే ఒకరు మాట్లాడండి, ఒకరు రాయండి.

ఏ వైద్యానికైనా సరిపోయే ప్రశ్నలు: ఇది పనిచేస్తోందని దేన్నిబట్టి తెలుస్తుంది? ఎన్నాళ్లకి తెలుస్తుంది? మూడు నెలలు ఆగితే ఏం నష్టం? పనిచేయకపోతే ఎప్పుడు ఆపుతాం?

స్కూల్లో "అవసరమైనప్పుడు చూసుకుంటాం" అంటే దానికి అర్థం ఏమీ లేదు. ఎవరు, వారానికి ఎన్నిసార్లు, ఎన్ని నిమిషాలు, ఎప్పటి నుంచి, ఇవి రాయించుకోండి. ఇంటికొచ్చాక ఆ రోజే "ఈరోజు మనం అనుకున్నవి ఇవి" అని చిన్న మెయిల్ పంపండి, నెల తర్వాత "అలా అనలేదే" అన్నప్పుడు అదే మీ సాక్ష్యం. చేర్చుకోం అంటే నవ్వుతూనే "ఆ మాట కాగితం మీద ఇవ్వండి" అని అడగండి. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం 24వ అధికరణంలో చదువు గురించి ఉంది, 180కి పైగా దేశాలు ఆ ఒప్పందంలో చేరాయి, మీ దేశంలో దానికి తగ్గ చట్టం ఏదో చూసి దాని పేరుతో అడిగితే మాట మారుతుంది.

9. ఆరు నెలలకోసారి

పుట్టినరోజుకి ఒకసారి, దానికి ఆరు నెలలకి ఒకసారి ఫైలు దుమ్ము దులపండి. బరువు, డోసు, లెవెల్, ఫోన్ నంబర్లు, ఒక పేజీ పరిచయం, అన్నీ సరిచూడండి. పరిచయం పేజీ ఇచ్చేటప్పుడు చేతికివ్వండి, గ్రూపుల్లో పెట్టొద్దు. ఫిట్స్ వీడియోలు, స్నానం చేయించే వీడియోలు బయట ఎక్కడా పెట్టొద్దు, సాయం కోసమైనా సరే, అవి బిడ్డవి, మనవి కాదు.

బిడ్డకి అర్థం చేసుకునే వయసు వస్తే పేజీ రాసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో లైను చదివి వినిపించండి. మా వాడికి చదివి వినిపిస్తే "ఇష్టాలు" దగ్గర డ్రమ్ము బొమ్మ అని ఉన్న లైనుకి కళ్లతో "కాదు" అన్నాడు. అది నాలుగేళ్ల కిందటి ఇష్టం. ఫొటో కూడా వద్దన్నాడు, ఫోన్లో ఒక్కోటి జరుపుతూ పోతే పద్నాలుగో దానికి "అవును" అన్నాడు, నీళ్లలో తడిసిపోయి నవ్వుతున్నది. అదే పెట్టాం.